ఫ్లాష్ లేకుండా అవ్వ

నల్లగండ్ల,
3 జులై 2025

పూజ్యులైన సుబ్బరాయుడు మామకు,

మేనల్లుడు యశ్వంత్ సాష్టాంగపడి, లేవకుండానే రాస్తున్న క్షమాపణ పత్రం.

ఈ ఉత్తరం వల్ల నీకు జరగబోయే కాలహరణానికి క్షమించు. నా దస్తూరీ వల్ల నీ కళ్లజోడు పడబోయే కష్టానికి క్షమించు. నేను చివరిసారి చేత్తో రాసింది ఇంజనీరింగ్ ఆఖరి పరీక్షలో. ఆ అలవాటు కొద్దీ ఎడమవైపు మార్జిన్ గీసి, తెలియని సంగతులను తెలిసినవాటికన్నా పొడుగ్గా రాయబోతున్నాను. దానికీ క్షమించు. వీటిలో ఒక్కదానికీ నేను నిజంగా బాధపడటం లేదు. కానీ పెద్దలకు రాసేటప్పుడు పద్ధతి పద్ధతే.

నువ్వు బాచుపల్లిలో, నేను నల్లగండ్లలో. ఇంత దగ్గర్లో ఉండి ఉత్తరాలు రాసుకునే మామా అల్లుళ్లు ఈ నగరంలో మనం తప్ప ఇంకెవరూ ఉండరు. కారణం నీకు తెలుసు. నా ఫోను నాది కాదు. సాయంత్రమైతే అవ్వ దానిలో ప్రవచనాలు వింటుంది. మొన్న అమ్మ పెట్టిన ‘బీరకాయలు మర్చిపోకు’ అన్న మెసేజ్ ప్రవచనం మధ్యలో పైనుంచి దిగితే, అవ్వ చదివి, నాకన్నా ముందే బీరకాయలు తెప్పించింది. అలాంటి తెర మీద ‘అమ్మకు తెలియకుండా ఫోటో తీసినావా?’ అని నువ్వు దిగితే ఏమవుతుందో ఊహించుకో.

ఇక అసలు సంగతి. పోయిన శనివారం గుండె ఆసుపత్రిలో, డాక్టరు అవ్వకు ఆగస్టు పద్దెనిమిదిన వాల్వ్ మార్చాలన్నాక, కాఫీ మిషను పక్కన నువ్వు నా చెవిలో ఒక పని అప్పగించావు. “ఆపరేషనుకు ముందు అమ్మది ఒక ఫోటో కావాల్రా. కండ్లు తెరిచి ఉండాల. ఆమెకు తెలియగూడదు.” ఎందుకు మామా అంటే కాఫీ బటన్ నొక్కి టీ పట్టుకున్నావు. ఆ రోజు అందరిదీ అదే వరస. అమ్మ ‘ఆల్బమ్ కోసం’ అంది. నాన్న ‘ఆధార్ కోసం’ అన్నాడు. అది దండ వేసే ఫోటో అని ఎనిమిది మందిలో ఒక్కరి నోటా రాలేదు. తనకు ఎనభై రెండేళ్లు వచ్చాక ఇంటిల్లిపాదికీ ఉన్నట్టుండి ఆల్బమ్ మీద భక్తి ఎందుకు పుట్టిందో అవ్వ అడగలేదు. అడిగి తెలుసుకునే రకం కాదు. ఫోటో తీసే పని నా మీద పడిందని మాత్రం మనిద్దరికే తెలుసు.

నువ్వు నలభై ఏళ్లుగా స్టూడియో యజమానివి, ఆమె కన్నకొడుకువి. నీ మెడలో కెమెరా కనిపిస్తే చాలు, కొంగు మొహం మీదికి లాగుతుంది. ఎందుకో నాకెవరూ చెప్పలేదు. ఆమె కొంగు లాగని వేళ ఒక్కటే: తెల్లవారుజామున అయిదున్నరకు, పూజగదిలో. దాన్ని గది అనడం బిల్డరు చూపించిన ఔదార్యం. తలుపున్న అల్మరా అది. కిటికీ లేదు. కంటి ఆపరేషను అయినప్పటి నుంచి ట్యూబ్‌లైటు గుచ్చుకుంటోందని అవ్వ దాన్ని ఆర్పేసి ఒక్క దీపం పెట్టుకుంటుంది. ఫ్లాష్ వేస్తే దొరికిపోతాను. ట్రైపాడ్ పెడితే అవ్వ దానికి తడి తువ్వాలు ఆరేస్తుంది. చేత్తో పట్టుకుని, దీపం వెలుతురులో, చప్పుడు లేకుండా తీయాలి.

నా కెమెరాతో వచ్చింది జూమ్ లెన్సు. పగటిపూట బిర్యానీలకు, కేబుల్ బ్రిడ్జికి అది చాలు. నిన్న దీపం వెలుతురులో ప్రయత్నిస్తే షట్టర్ పావు సెకను తెరుచుకుని కూర్చుంది. ఆ పావు సెకనులో నా చెయ్యి వణికింది, అవ్వ గంట వాయించింది. ఫోటోలో ముగ్గురు అవ్వలు, ఐదు గంటలు. కాబట్టి పెద్ద కన్నమున్న ప్రైమ్ లెన్సు కావాలి. ప్రైమ్ అంటే జూమ్ లేనిది. దగ్గర కావాలంటే మనమే ముందుకు నడవాలి, దూరం కావాలంటే మనమే వెనక్కి జరగాలి. నంబరు తగ్గేకొద్దీ కన్నం పెద్దదవుతుంది. ఎఫ్ 5.6 అంటే తాళం కన్నం, 1.4 అంటే బార్లా తీసిన తలుపు. (నీకు తెలియదని కాదు. మార్కుల కోసం.)

కానీ ఏ ప్రైమ్? మా ఆఫీసు ఫోటోగ్రఫీ క్లబ్బు ప్రతి శనివారం పొద్దున ఖాజాగూడ చెరువు దగ్గర కలుస్తుంది. పోయిన వారం కొంగలు నాలుగు, లెన్సులు ఇరవై ఆరు. కొంగలే మమ్మల్ని చూడటానికి వస్తున్నాయని నా అనుమానం. అక్కడ మూడు మతాలున్నాయి. ముప్ఫై ఐదు వాళ్లు ‘జీవితం మొత్తం పట్టాలి’ అంటారు. యాభై వాళ్లు ‘కంటికి కనిపించినట్టే ఉండాలి’ అంటారు. ఎనభై ఐదు వాళ్లు ఏమీ అనరు, దూరంగా నిలబడతారు. ఆ లెన్సుతో దగ్గరికి రావడం కుదరదు. మా టీమ్ లీడ్ భానుశ్రీ ఈ మూడో మతానికి పీఠాధిపతి.

ఏ మతం పుచ్చుకోమంటావో సెలవియ్యి. జవాబు ఆఫీసు చిరునామాకు రాయి. ఇంటికి రాస్తే తలుపు తీసేది అవ్వే.

ఇట్లు,
నీ ఆజ్ఞ కోసం ఒంటికాలి మీద నిలబడిన
యశ్వంత్


బాచుపల్లి,
8 జులై 2025

చి. యశ్వంత్‌కు మామ ఆశీస్సులు.

ఉత్తరం అందింది. తొమ్మిది పేజీలు. పెండ్లి ఆల్బమ్ కూడా ఇంత బరువుండదు.

కన్నం గురించి నాకు పాఠం చెప్పినావు. సంతోషం. ప్రొద్దుటూరులో పెట్రోమాక్స్ లైట్ల కింద, కదిలే గుర్రం మీద పెండ్లికొడుకును చేత్తో పట్టుకుని తీసినవాణ్ణి నేను. అప్పుడు నువ్వు పుట్టలేదు, మీ అమ్మకు పెండ్లి కాలేదు, నీ క్లబ్బు కొంగలు గుడ్లలో ఉన్నాయి.

యాభై తీసుకో. నా బతుకంతా ఒక్క యాభై మీదే గడిచింది.

మోచేతులు పక్కటెముకలకు ఆనించు. గోడ ఉంటే వీపు ఆనించు. ఊపిరి వదిలినాక, మళ్లీ పీల్చే లోపల నొక్కు. ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటే రెండుకే నొక్కెయ్. ఇక్కడ ఇస్కూలు పిల్లలకు గ్రూపు ఫోటో తీసేటప్పుడు నేను చేసేది అదే. అందరూ మూడుకు సిద్ధమై కండ్లు మూస్తారు.

కండ్లు ముఖ్యం. మిగతావి ఎట్లున్నా పర్వాలేదు.

మామ
సుబ్బరాయుడు


నల్లగండ్ల,
15 జులై 2025

మహారాజశ్రీ మామకు,

నీ ఉత్తరం మా ఆఫీసును కుదిపేసింది. గేటు దగ్గర సెక్యూరిటీ సాయిలు దాన్ని బ్యాగుల మిషన్లో రెండుసార్లు తోశాడట. నన్ను కిందికి పిలిచి, నలుగురి ముందూ గొంతు తగ్గించాడు.

“సార్, మీకేందో ఉత్తరమొచ్చింది. చేత్తోని రాసింది. ఈ బిల్డింగుల గిట్లాంటిది నేనెన్నడు సూడలే. జర పైలం.”

“మా మామ రాశాడు సాయిలన్నా.”

“మామనా? మరి ఫోన్ల చెప్పరాదా? ఏమన్న ఆస్తి పంచాయితా?”

విజిటర్ల పుస్తకంలో ‘వచ్చినవారు’ కింద ‘ఉత్తరం’ అనీ, ‘ఎవరి కొరకు’ కింద నా పేరూ రాసి సంతకం పెట్టించుకున్నాడు. ‘వెళ్లిన సమయం’ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

యాభై కొన్నాను, 1.4ది. నీ బతుకంతా గడిచిన యాభై నా కెమెరాకు తగిలించేసరికి బుద్ధి మార్చుకుంది. నా కెమెరా లోపలి సెన్సారు చిన్నది. దాని మీద యాభై దాదాపు డెబ్బై ఐదులాగా అన్నిటినీ దగ్గరికి లాగేస్తుంది. పూజగది ఎదుట నిలబడి చూస్తే అవ్వ చెవి ఒక్కటే నిండుగా కనిపించింది. వెనక్కి జరిగాను. వంటింటి గుండా ఇంకా జరిగాను. చివరికి యుటిలిటీ బాల్కనీలో నా వీపు వాషింగ్ మెషిన్‌కు ఆనింది. అవ్వ మొహం అప్పుడు సరిపోయింది. నువ్వు వీపు ఆనించమన్నావు కదా అని భక్తిగా ఆనించాను. మోచేతులు పక్కటెముకలకు, ఊపిరి బయటికి, ఒకటి... సరిగ్గా రెండుకు అమ్మ ముందు రాత్రి పెట్టిన టైమరు ప్రకారం మెషిన్ పిండటం మొదలుపెట్టింది. నేనూ కెమెరా కలిసి తిరిగాం.

మూడో రోజు మెషిన్ ఆపేసి తీసినవి జతచేస్తున్నాను. 1.4లోనే తీశాను, కొన్నది అందుకే కదా. చూడు, ముక్కుపుడక ఎంత స్పష్టంగా వచ్చిందో. రాళ్లు ఏడూ లెక్కపెట్టుకోవచ్చు. వాటి వెనకాల మబ్బులాగా ఉన్నది అవ్వ.

ఒక చిన్న చిక్కు. నిన్న తెల్లవారుజామున అవ్వ వెనక్కి తిరగకుండానే మాట్లాడింది. అప్పటికి కెమెరాను పిండి డబ్బా వెనక పెట్టేశాను.

“ఏందిరా అబ్బోడా, తెల్లారకముందే లేచినావు? ఉద్యోగం పోయిందా?”

“లేదవ్వా. దండం పెట్టుకుందామని.”

“అట్లయితే పోయినట్టే.”

ఇట్లు,
ఉతికి ఆరేయబడిన
యశ్వంత్


బాచుపల్లి,
21 జులై 2025

ఒరేయ్ యశ్వంతూ,

నేను మా అమ్మ ఫోటో అడిగినాను. నువ్వు ముక్కుపుడక ఫోటో పంపినావు. నగల అంగడికి ఇస్తే గోడకు పెట్టుకుంటారు.

1.4 ఉంది గదా అని 1.4లోనే తీయాలని చట్టం ఉందా? తలుపు పెద్దదని ఎవడైనా ఎప్పుడూ బార్లా తెరిచి పెట్టుకుంటాడా? అంత తెరిస్తే గురి పెట్టిన చోటు తప్ప మిగతాదంతా మబ్బే. రెండుకు మూసుకో, రెండున్నరకు మూసుకో. ఫోటో మీద చుక్కచుక్కగా కొంచెం గరుకు వచ్చినా పర్వాలేదు, మనిషి వస్తుంది. ముక్కు మీద పెట్టినావు గురి. కంటి మీద పెట్టు.

అది పక్కన పెట్టు. నీ ఉద్యోగం సంగతి ముందు చెప్పు. మీ అమ్మ జయంతి మీ అత్తకు ఫోన్ చేసి ఏడ్చిందంట. వాడు తెల్లారుజామున లేచి దేవుని ముందర నిలబడుకుంటాండాడు, మాకు చెప్పకుండా లోపల్లోపల కుమిలిపోతాండాడు అని. మీ అత్త ఊరుకుంటుందా? నేను గ్రూపు ఫోటోలు తీసే కాలేజీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడి నీకు ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం ఖాయం చేసి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లకు నేను ఏమని చెప్పాల? ఫోటో సంగతి చెబితే అమ్మకు తెలుస్తుంది. చెప్పకపోతే నీ ఉద్యోగం పోతుంది. నాకైనా నిజం చెప్పు. పోతే పోయింది, సిగ్గుపడాల్సిన పని కాదు.

ఇంకొకటి. నీ మూడో ఫోటోలో వెనకాల మా నాయన పటం కనబడుతోంది. దానికి దండ అట్లా వేసింది ఎవరు?

సుబ్బరాయుడు


నల్లగండ్ల,
26 జులై 2025

నిరుద్యోగుల పాలిట కల్పవృక్షమైన మామకు,

నా ఉద్యోగం ఉంది. లక్షణంగా ఉంది. నాకు ఇంక్రిమెంటు ఇవ్వనందువల్ల కంపెనీ కూడా లక్షణంగానే ఉంది. కానీ మా ఐటీ వాళ్లలో ‘నా ఉద్యోగానికేం, బాగానే ఉంది’ అన్నవాణ్ణి చూసినంత జాలిగా ఇంకెవర్నీ చూడరు. అమ్మ నా అన్నంలో నెయ్యి రెట్టింపు చేసింది. నాన్న రోజూ పేపర్లో ఉద్యోగాల పేజీ మడిచి నా కంచం పక్కన పెట్టి వెళ్లిపోతున్నాడు. అత్తకు నా కృతజ్ఞతలు చెప్పు. ల్యాబ్ అసిస్టెంటుకు సెలవులు ఎక్కువేనా?

మతం మార్చాను. భానుశ్రీని బతిమాలి ఎనభై ఐదు తెచ్చుకున్నాను. అది పెట్టుకొచ్చిన సంచీ మీద మా కంపెనీ ముద్ర ఉంది. అమ్మ గుమ్మంలోనే దాన్ని నిమిరి, “సామాను అప్పగించమన్నారా నాయనా?” అంది. ఇక నేనేం చెప్పినా బొంకే.

ఎనభై ఐదుతో అవ్వ మొహం పట్టాలంటే ఇంట్లో చోటు చాలలేదు. హాలు చివరికి వెళ్లాను, చాలలేదు. వీధి తలుపు తీసి బయట కారిడార్లో, లిఫ్టు పక్కన గోడకు ఆనుకున్నాను. అక్కడినుంచి తలుపు, హాలు, పూజగది ఒకే గీతలో ఉన్నాయి. దూరం పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుందని నాకప్పుడే బోధపడింది. ఊపిరి వదిలాను. లిఫ్టు తెరుచుకుంది. మా అపార్టుమెంటు సెక్రటరీ విశ్వేశ్వరరావు గారు, కాకినాడ వారు, వాకింగ్ షూలతో దిగారు.

“ఏం బాబూ, ఇంట్లోకి రానివ్వట్లేదాండీ?”

“లేదండీ, ఊరికే...”

“పర్లేదండీ. మా తమ్ముడుగారబ్బాయికీ ఇలాగే అయ్యిందండీ. నాలుగు నెల్లు తిరిగేసరికి ఇంకో కంపెనీలో పడ్డాడండీ. ధైర్యంగా ఉండండి.”

సాయంత్రానికి నాలుగు బ్లాకులకూ తెలిసిపోయింది: ఉద్యోగం పోయింది, ఇంట్లోంచి గెంటేశారు, కుర్రాడు లిఫ్టు దగ్గర పడుకుంటున్నాడు. ఫోటోలో వచ్చింది అవ్వ మెడ వెనక భాగం. దాన్నీ పంపుతున్నాను. కలుపుకుంటూ పోతే మన దగ్గర ఇప్పుడు ముక్కుపుడక, మెడ ఉన్నాయి.

దండ అడిగావు కదా. అది వేసేది అవ్వే. రోజూ కొత్త పూలు. రోజూ సరిగ్గా తాత కళ్లకు అడ్డంగా వేస్తుంది. అమ్మ పైకి జరుపుతుంది, అవ్వ కిందికి జరుపుతుంది. హెల్మెట్ అద్దం దించినట్టు ఉంటుంది. తాత స్వర్గానికి బండి మీద వెళ్లాడేమో.

నవ్వు రాని సంగతి ఒకటి ఉంది, చివర్లో పెట్టాను. నిన్న అవ్వ అమ్మను కూర్చోబెట్టి చెప్పింది: “అబ్బోనికి ఉద్యోగం ల్యాకపోతే ఇంట్లో అందరూ వాన్ని జూసుకోండి. నా గుండెకాయకు ఇప్పుడేం తొందర? ఆపరేషనొద్దని ఫోన్ జెయ్యి.” అమ్మ చేయలేదు. కానీ అవ్వ ఆసుపత్రి ఫైలును తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది.

యశ్వంత్


బాచుపల్లి,
1 ఆగస్టు 2025

యశ్వంత్,

ఫోటో వద్దు. వదిలెయ్. ముందు ఆమెకు నీ జీతం కాగితం చూపించు, కార్డు చూపించు, ఏమైనా చూపించు. ఫైలు బయటికి రావాల.

దండ సంగతి నవ్వులాట కాదు. నీకు ఎవరూ చెప్పలేదు, నీ తప్పు లేదు. చెబుతున్నాను.

మా నాయన ఉన్నట్టుండి పోయినాడు, మార్కెట్ యార్డులో. పొద్దున మాట్లాడిన మనిషి, మధ్యాహ్నానికి లేడు. ఊర్లో అందరి ఫోటోలు తీసిన నేను మా నాయనది ఒక్కటీ తీయలేదు. ఇంట్లో మనిషే గదా, ఎప్పుడైనా తీయొచ్చు అనుకున్నాను. ఆ రోజుల్లో స్టూడియోల్లో ఒక పద్ధతి ఉండేది. పోయినవాళ్లను కుర్చీలో కూచోబెట్టి తీసేవాళ్లం. తరవాత ప్రింటు మీద సన్న కుంచెతో కండ్లు తెరిపించేవాళ్లం. ఊర్లో చాలామందికి నేనే తెరిపించినాను. నా అంత బాగా జిల్లాలో ఎవరూ చేయరని పేరు. మా నాయనకూ అట్లే చేసినాను. కుంచె పట్టుకున్నాక ఆయన కండ్లు ఎట్లుంటాయో గుర్తుకు రాలేదు. ముప్ఫై ఏండ్లు చూసిన కండ్లు. ఎంత ఆలోచించినా రాలేదు. అద్దం ముందర కూచుని నా కండ్లు చూసుకుంటా గీసినాను.

పటం తెచ్చి అమ్మ చేతిలో పెడితే చాలాసేపు చూసింది. “ఇవి నీ కండ్లు రా. ఆయనవి యాడ బెట్టినావు?” అనింది. అంతే. ఆ తరవాత నా కెమెరా ముందర ఆమె మొహం పెట్టలేదు.

రేపు ఆమెకు కూడా నేనే కండ్లు గీయాల్సి వస్తుందేమో అని నా భయం. ఇప్పుడు నా చెయ్యి వణుకుతుంది. నీకు కాఫీ మిషను దగ్గర చెప్పలేకపోయినాను.

ఎనభై ఐదు ఇచ్చేయ్. అది దొంగ నిలబడే దూరం. నీ కెమెరాకు యాభై అంటే పేరంటానికి వచ్చినవాళ్లు కూచునే దూరం. ముప్ఫై ఐదు పెట్టుకుంటే మనిషికి నీ ఊపిరి వినబడుతుంది. అంత దగ్గరికి రానిస్తేనే మొహం. రానీయకపోతే ఏ కన్నమూ పనికి రాదు. నేను నలభై ఏండ్లు పట్టి నేర్చుకున్నది ఇంతే. నాకు ఉపయోగపడలేదు.

సుబ్బరాయుడు


నల్లగండ్ల,
9 ఆగస్టు 2025

మామా,

ఫైలు పెట్టెలోంచి బయటికి వచ్చింది. పద్దెనిమిదిన ఆపరేషన్ ఖాయం. జీతం కాగితం పని చేసింది.

కవర్లో అట్టముక్కల మధ్య ఉన్నది నిన్న పొద్దున తీసిన ఫోటో. ముప్ఫై ఐదు, ఎఫ్ 2, సెకనులో అరవయ్యో వంతు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, రెండుకే నొక్కాను. ఇది పూర్తిగా లెన్సు ఎంపికలో నేను చూపిన పరిణతి అనీ, క్లబ్బులో దీని మీద ఉపన్యాసం ఇవ్వమన్నారనీ వినయంగా మనవి.

యశ్వంత్


బాచుపల్లి,
12 ఆగస్టు 2025

యశ్వంత్‌కు,

ఫోటో చేరింది. పొద్దున షట్టర్ తెరిచినాను, నాలుగు పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్లను మధ్యాహ్నం రమ్మన్నాను.

ఎడమ రెప్ప కుడిదానికన్నా కొంచెం కిందికి ఉంది. నాకు తెలియదు. నేను గీసి ఉంటే రెండూ సమానంగా గీసేవాణ్ణి. కంటి నలుపు చుట్టూ బూడిదరంగు అంచు ఉంది. దీపం రెండు కండ్లలోనూ ఉంది. గరుకు ఉంది, ఉండనీ.

నీ ఉపన్యాసం నీ కొంగలకు చెప్పుకో. నలభై ఏండ్లు మనుషులను కూచోబెట్టినవాణ్ణి నేను. దొంగతనంగా తీసిన ఫోటోకూ, మనిషి కూచుని ఇచ్చిన ఫోటోకూ తేడా తెలియదనుకున్నావా? కొత్త కోక కట్టింది. కొంగు వెనక్కి వేసుకుంది. నేరుగా లోపలికి చూస్తోంది, కొట్టేటట్టు. ఈమె కూచుంది. ఎవరి కోసం కూచుంది? ఏం చేసినావు నువ్వు?

నిజం రాయి.

మామ


నల్లగండ్ల,
16 ఆగస్టు 2025

మామా,

నిన్న పంద్రాగస్టు, రేపు ఆదివారం. దీన్ని పోస్టులో వేస్తే ఆపరేషన్ అయ్యాక చేరుతుంది. అందుకని నేనే వచ్చి నీ స్టూడియో షట్టర్ కింద తోసి, నువ్వు పైకెత్తేలోగా పారిపోతాను. ధైర్యవంతుల వంశం మనది.

జీతం కాగితం పని చేసిందన్నది అబద్ధం. చూపించాను. అవ్వ కళ్లజోడు పెట్టుకుని, వెలుతురుకు పట్టి, తిప్పి చూసి నాకిచ్చేసింది. “మీ మామ సచ్చిపోయినోనికి కండ్లు తెరిపిచ్చినాడు. నువ్వొక కాగితం పుట్టియ్యలేవా?” అంది. ఆఫీసు కార్డు చూపిస్తే “దీంట్లో నీ మొగమే నీ మాదిరి ల్యాదు” అంది. అది మాత్రం నిజమే. భానుశ్రీ చేత ఫోన్‌లో మాట్లాడిస్తే “పిల్ల బాగా మాట్లాడ్తాంది. ఆయమ్మికి గూడా పోయిందా?” అంది. అబద్ధాలు మిగలలేదు, సాక్ష్యాలు అయిపోయాయి, ఫైలు పెట్టెలోనే ఉంది.

ఎనిమిదో తేదీ పొద్దున ఏం జరిగిందో చెబుతాను. నేను దొంగలాగా రాలేదు. పూజగది గడప దగ్గర, ఆమె మోకాళ్లకు నా మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చున్నాను. ముప్ఫై ఐదు కెమెరాకు ఉంది. అప్పటికే ఆమె పెట్టె తెరిచి, ఫైలు బయట పెట్టి, దాని కింద ఉన్న మంచి కోక తీసి కట్టుకుంది. “దండకని ముందే జెప్పింటే తల గూడా బోసుకుందును గదా. మీదంతా దొంగ సంసారం,” అని నన్ను, అమ్మను, ఆధార్ అన్న నాన్నను, టీ పట్టుకున్న నిన్ను వరసగా తిట్టింది. తాత పటం వైపు ఒకసారి చూసింది. దండ జరపలేదు, జరుపుతుందని నేను కాసేపు ఎదురుచూశాను. తరవాత నా వైపు తిరిగి, కొంగు వెనక్కి వేసుకుని, “వానికి కండ్లు గావల్లంట గదా. సూస్కోమను,” అంది. అన్నాక రెప్ప వేయలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాకే కళ్లలో నీళ్లు తిరిగి ఏమీ కనిపించలేదు. నొక్కింది ఎన్నో అంకెకో నాకు తెలియదు. గురి కెమెరాయే పెట్టుకుంది.

నీకు ఒక కబురు. ఎల్లుండి పొద్దున ఏడింటికి ఆసుపత్రికి రావాలట. లోపలికి తీసుకుపోకముందే రావాలట. కెమెరా తెస్తే గేటులోనే ఆపించమని నాకు చెప్పింది. “ఉత్త చేతులతో రమ్మను. వాన్ని జూసి ఎన్నాళ్లయింది,” అంది. నెలకోసారి వస్తూనే ఉన్నాడు కదా అవ్వా అంటే, దీపం ఒత్తి సరిచేసుకుంది.

ఇక నా పని. యాభైతో చేసిందేమీ లేదు. ఎనభై ఐదుతో చేసిందేమీ లేదు. ముప్ఫై ఐదుతో కూడా నేను చేసిందేమీ లేదు, వేలు తగిలించడం తప్ప. ఈ నెలన్నరలో నేను నిజంగా చేసింది ఒక్కటే మామా: ఆగస్టు ఆరున అవ్వను మంచం మీద కూర్చోబెట్టి, నువ్వు నాకు రాసిన మూడు ఉత్తరాలూ ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించాను.

యశ్వంత్